లివరుకు కట్టిన పురికొస

జీపు సముద్రంలో మునగడం నాంచారయ్య తప్పు కాదు. నా తప్పు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. తెలిసి కూడా పదిమంది ముందు నిలబడి, "తోలడం చేతకాకపోతే ఏ జీపైనా ఇంతేనండీ" అన్నాను. ఆ మాటతో అతని డ్రైవరు ఉద్యోగం పోయింది. ఇది జరిగి పాతికేళ్లు దాటింది. మొన్న మాఘ పౌర్ణమి రద్దీ తగ్గాక, ఒక బుధవారం నాడు, అతన్ని వెతుక్కుంటూ దివిసీమ వెళ్లాను.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడే ఎందుకంటే, దానికి మా గుడివాడ కార్లు కారణం. ఈ మధ్య మా ఊళ్లో ఎవరింటి ముందు చూసినా ఏనుగంత బండి. వెనక "ఫోర్ బై ఫోర్" అని వెండి అక్షరాలు. పెళ్లి భోజనానికి అందులోనే వెళ్తారు, కూరగాయలకూ అందులోనే వెళ్తారు. ఆ అక్షరాలకు అర్థమేమిటని అడిగితే పదిమందిలో ఇద్దరు కూడా చెప్పలేరు. నాలుగు చక్రాలు ఉండటం కాదు, నాలుగూ లాగడం అని నేను చెప్పబోతే, "మీ కాలం వేరు మాస్టారూ, ఇప్పుడన్నీ బండే చూసుకుంటుంది" అంటారు. బండి చూసుకుంటుందట! బండికి కళ్లెక్కడున్నాయి?

ఆ కోపంతోనే ఒక పొడుగు నోట్‌బుక్కు కొని, ఇలాంటి బండి ఎలా తోలాలో రాయడం మొదలుపెట్టాను. నా చదువు ఐదో తరగతి. ఉప్పెన వచ్చిన ఏడాది సహాయం బియ్యం మోసే జీపులో క్లీనరుగా ఎక్కాను, అందులోనే డ్రైవరునయ్యాను. జీపుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఏడాదిన్నర కూర్చుని చదివాను. కాబట్టి రాయగలనన్న ధీమా ఉంది. ఇసక గురించి రాశాను, బురద గురించి రాశాను, మోకు కట్టడం రాశాను. ముందు చక్రాల హబ్బుల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. వారం రోజులు ఆ పేజీ తెల్లగానే ఉంది. నాంచారయ్యకు అంతకుముందు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఇక మనిషినే వెళ్లి అడగాలనుకున్నాను.

ఉదయం ఆరూ నలభైకి గుడివాడలో బందరు ప్యాసింజరు ఎక్కాను. మచిలీపట్నం అని బోర్డు మీద ఉంటుంది గాని, మా నోటికి బందరే. కిటికీ పక్కన సీటు దొరికింది. కవుతరం దాటేదాకా రెండు పక్కలా కోత అయిన మాగాణి, మినప చేలు. పెడనలో ఒకావిడ కలంకారీ గుడ్డల మూటతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. కాసేపు నా నోట్‌బుక్కు వంకే చూసి, ఉండబట్టలేక అడిగింది.

"ఏం రాస్తున్నారు బాబాయిగారూ, కథలా?"

"కారెట్టా తోలాలో రాస్తున్నానమ్మా."

"చదివితే వచ్చుద్దా అది?"

"చదవకపోతే మునుగుద్ది."

ఆవిడ పకపకా నవ్వింది. "మా ఆయన బండి ఆగిపోతే ముందు నన్ను తిడతాడు. తిట్టడం అయ్యాకే దిగి చూస్తాడు" అంది.

నవ్వాను గాని, ఆ "దిగి చూడటం" అన్న మాట నాకు గుచ్చుకుంది.

హబ్బుల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మా పాత జీపుల్లో ముందు చక్రం నడిమధ్యన అరచేతిలో ఇమిడేంత బిళ్ల ఉండేది. అది చేత్తో తిప్పి లాకులో పెడితేనే ముందు చక్రాలకు ఇంజను బలం అందుతుంది. ఫ్రీలో ఉంటే, లోపల కూర్చుని ఫోర్ వీల్ లివరు ఎంత లాగినా, లాగేవి వెనక చక్రాలు రెండే. తారు రోడ్డు మీద డీజిలు కలిసొస్తుందని ఫ్రీలో పెట్టేవాళ్లం. ఇసకలోకి, బురదలోకి దిగేముందు లాకు. పుస్తకంలో స్పష్టంగా ఉంది: దిగు, రెండు చక్రాలూ చెయ్యి పెట్టి చూడు.

మేము పని చేసింది రొయ్యల చెరువుల షావుకారు దగ్గర. ఆఫీసు బందరులో, చెరువులు సముద్రం ఒడ్డున. రొయ్య పిల్లల సంచులు చెరువులకు చేర్చాలంటే ఒడ్డు వెంట ఇసకలో పోవాలి. హబ్బు మీద ఎప్పుడూ బురదే. అక్షరాలు కనిపించవు. ప్రతిసారీ దిగి, తుడిచి చూడటం ఎందుకని నేనో ఉపాయం కనిపెట్టాను. లాకులో పెట్టినవాడు ఫోర్ వీల్ లివరుకు ఒక గోనె పురికొస కట్టాలి. ఫ్రీ చేసినవాడు విప్పాలి. తర్వాత ఎక్కేవాడు పురికొస చూస్తే చాలు, దిగక్కర్లేదు. షావుకారు మెచ్చుకున్నాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, నా దగ్గరే స్టీరింగు పట్టిన నాంచారయ్య అయితే, "మా బావ బుర్రే బుర్ర" అని ఊరంతా చెప్పాడు. చుట్టరికం ఏమీ లేదు. మొదటి రోజు నుంచీ బావా అనే పిలిచాడు.

ఒకరోజు టైర్ల పని మీద జీపు గుడివాడ తీసుకెళ్లాను. పెడన దాటగానే ఆపి, దిగి, రెండు హబ్బులూ ఫ్రీ చేశాను. పురికొస విప్పలేదు. ఏదో ఆలోచనలో ఉన్నాను. ఏ ఆలోచనో ఈ రోజుకీ గుర్తు లేదు, అదే నాకు ఎక్కువ బాధ. మర్నాడు తెల్లవారి ఐదింటికి తాళం నాంచారయ్యకిచ్చాను. అతను పురికొస చూసుకున్నాడు, ఒడ్డు వెంట దిగాడు. జీపు వెనక చక్రాల మీద కూర్చుండిపోయింది. సముద్రం పోటు వచ్చి జీపును ముంచేసింది.

బందరు స్టేషనులో దిగేసరికి ఎనిమిది. స్టేషను బయట రెండు ఇడ్లీ, ఒక కాఫీ. ఆటోలో బస్టాండు. ఎనిమిదీ యాభైకి అవనిగడ్డ బస్సు. బస్సు నిండా ఆడవాళ్లే. కండక్టరు వాళ్లందరికీ సున్నా టికెట్లు కొట్టుకుంటూ నా దగ్గరకొచ్చి, "హమ్మయ్య, డబ్బులిచ్చే మనిషి ఒకరు దొరికారు. ఎక్కడికి తాతగారూ?" అన్నాడు. వెనక సీటులో ఎవరో ఆవిడ, "ఆయన్ని జాగ్రత్తగా దించవయ్యా, మీ జీతం ఆయనే" అంది. బస్సంతా నవ్వు.

చల్లపల్లి, మోపిదేవి. పులిగడ్డ దగ్గర ఏరు దాటుతుంటే నీళ్లు పల్చగా, మధ్య మధ్య ఇసక తిప్పలు తేలి ఉన్నాయి. పదిన్నరకు అవనిగడ్డ. అక్కడ మరో బస్సు మారి పదకొండున్నరకు కోడూరు. కోడూరులో మెస్సు భోజనం బాగుంది, చేపల పులుసు మాత్రం మరీ కారం. వెళ్లేవాళ్లు మజ్జిగ ముందే అడిగి పెట్టుకోండి. అక్కణ్ణుంచి హంసలదీవి వైపు షేరు ఆటోలు ఉంటాయి, నిండితే గాని కదలవు. ఒంటిగంట దాటాక పాలకాయతిప్ప చేరాను.

నాంచారయ్య ఇల్లు అడగ్గానే చూపించారు. వాకిట్లో చేపలు ఎండబెడుతున్న అతని కూతురు నాగమణి నన్నెప్పుడూ చూడలేదు. పేరు చెప్పగానే చెయ్యి ఆపింది.

"గుడివాడ కోటయ్య గారంటే మీరేనా? మీ ఉత్తరాలు నేనే చదివి వినిపించానండీ."

"ఏమన్నాడమ్మా?"

"రెండుసార్లు చదివించుకున్నాడు. మడిచి పెట్టెలో పెట్టమన్నాడు. అంతే." ఒక చేపను తిరగేసి, "బీచి దగ్గరున్నాడు. కార్లు కూరుకుపోతే లాగుతాడు. ఇప్పుడు అదే పని" అంది.

బీచి దాకా నడిచాను. దూరం నుంచే ఇంజను అరుపు వినిపించింది. ఆ అరుపు నాకు పరిచయమే. ఇసకలో చక్రం ఉన్నచోటే తిరుగుతూ తన గొయ్యి తనే తవ్వుకునేటప్పుడు వచ్చే అరుపు అది. నల్లటి కొత్త బండి, విజయవాడది. స్టీరింగు దగ్గర ఒకమ్మాయి, పాతికేళ్లుంటాయి. బయట ఆమె మొగుడు చెప్పులు చేత్తో పట్టుకుని, "తొక్కు స్వాతీ, తొక్కు! ఇంకా తొక్కు!" అని కేకలు. ముందు బంపరుకు నైలాను తాడు కట్టి, అవతల ఒక ట్రాక్టరుకు తగిలించే ప్రయత్నంలో ఉన్నాడు.

బండికి అటు పక్కన నాంచారయ్య మోకాళ్ల మీద కూర్చుని పారతో ఇసక తీస్తున్నాడు. పక్కన రెండు తాటి పలకలు. జుట్టంతా తెల్లబడింది. భుజాలు అవే. తలెత్తి నన్ను చూశాడు. పాతికేళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట ఇది:

"వచ్చావా బావా. ఆ రెండో పార అందుకో."

అందుకున్నాను. అతని పక్కనే ఇసక తియ్యడం మొదలుపెట్టాను.

"ముందు ఆ తాడు విప్పించు" అన్నాడు నాంచారయ్య.

మొగుడు ఒప్పుకోలేదు. "ట్రాక్టరు ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుందండీ."

"వస్తుంది, బంపరు ఒక్కటే వస్తుంది" అన్నాను. నా కోపం నాకు తిరిగొచ్చింది. "లాగడానికి బండి కింద కొక్కెం ఉంటుంది, అది వదిలేసి ప్లాస్టిక్కుకు కట్టావు. బిగిసిన తాడు తెగితే ఎవరి మొహం మీదకు వస్తుందో తెలుసా? నువ్వు నిలబడ్డావే, అక్కడికే. జరుగు."

అతను జరిగాడు. అమ్మాయి మాత్రం అద్దం దించి, "ఏం చెయ్యాలో చెప్పండి తాతగారూ, నేను చేస్తాను" అంది. నా నోట్‌బుక్కుకు దొరికిన మొదటి పాఠకురాలు ఆవిడే.

చెప్పాను. ముందు యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యి. చక్రం తిరిగే కొద్దీ దిగుతుంది గాని లేవదు. స్టీరింగు తిన్నగా పెట్టు. నేనూ నాంచారయ్యా నాలుగు చక్రాల వెనకా ఇసక చదును చేశాం, బండి కడుపుకు ఆనుకున్న దిబ్బ తీసేశాం. టైర్లలో గాలి సగానికి దగ్గరగా వదిలాం. గాలి తగ్గితే టైరు పరుచుకుంటుంది, ఇసక మీద పాదం వెడల్పవుతుంది. మొగుడు లబలబలాడాడు, "గాలి తీసేస్తే ఇంటికెలా వెళ్తాం?" అని. తారు రోడ్డెక్కాక నెమ్మదిగా వెళ్లి బంకులో మళ్లీ కొట్టించుకోవాలి, అదొక్కటి మర్చిపోతే టైరు పోతుంది అని చెప్పాను.

బండి నాబ్ ఫోర్ హైలో ఉంది. "మాకు అది పెడితే చాలన్నారు" అంది అమ్మాయి. ఎవరన్నారో గాని వాణ్ణి నాకొకసారి చూపించాలి. బండి పూర్తిగా ఆగాక న్యూట్రలులో పెట్టించి, అప్పుడు వేగం తక్కువ, లాగుడు ఎక్కువ ఉండే "ఫోర్ లో"కు తిప్పించాను. స్టీరింగు ముందున్న చిన్న దీపం మినుకుమినుకుమనడం ఆగి నిలకడగా వెలిగేదాకా ఆగమన్నాను. ముందుకు పోవద్దు, వచ్చిన జాడలోనే వెనక్కి రావాలి. అక్కడ ఇసక ఒకసారి గట్టిపడి ఉంటుంది.

ఇక కదలడమే అనుకున్నాను. అప్పుడు నాంచారయ్య లేచి ముందు కుడి చక్రం దగ్గరకు వెళ్లాడు. వంగి, నడిమధ్యన అరచెయ్యి పెట్టి, ఇసక తుడిచి చూశాడు. చుట్టూ తిరిగి ఎడమ చక్రం దగ్గరా అదే చేశాడు. ఈ కొత్త బళ్లకు అక్కడ తిప్పేది ఏమీ ఉండదు. అది అతనికీ తెలుసు.

"ఏం చూస్తున్నారండీ?" అంది అమ్మాయి.

"ఏం లేదు తల్లీ. అలవాటు."

ఆమె భయపడి, "పోనీ మీరే తీసుకురాగలరా?" అని అడిగింది.

"నేను స్టీరింగు పట్టనమ్మా. జీపు ముంచినోణ్ణి, ఈ తిప్పలో ఎవర్నడిగినా చెప్తారు" అని నవ్వాడు. "ఈయన పెద్ద డ్రైవరు. ఈయన చెప్పినట్టు చెయ్."

అతను నా వైపు చూడలేదు. నేను తాటి పలకలు అందుకున్నాను.

పలకలు వెనక చక్రాల కింద దోపి, అందరం పక్కకు తప్పుకున్నాం. అమ్మాయి కాలు అదుపులో పెట్టుకుంది. బండి ఒకసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి, అరుపూ గోలా లేకుండా, ముసలి ఎద్దు లేచినట్టు నెమ్మదిగా గట్టి నేల మీదకు వెనక్కి నడిచింది. అప్పటికి మూడు కావస్తోంది. పోటు నురగ, అంతకుముందు మేము నిలబడ్డ చోటికి వచ్చింది.

నీడలో ఉన్న టీ బడ్డీ దగ్గర ఇద్దరం కూర్చున్నాం. చెప్పాల్సింది అప్పుడు చెప్పాను. పురికొస విప్పకపోవడం చెప్పాను. ఆ మర్నాడు జీపును గట్టు మీదకు లాగినప్పుడు హబ్బులు రెండూ లాకులో ఉండటం చూశానని చెప్పాను. నేను ఫ్రీ చేసిన హబ్బులు లాకులోకి ఎలా వచ్చాయి? అప్పుడే గట్టు మీద అతని కుడి చేతి వేళ్లు చూశాను. మూడు గోళ్లు లేచిపోయి ఉన్నాయి. నడుముల్లోతు నీళ్లలో దిగి, ఉప్పుకు బిగుసుకుపోయిన బిళ్లలు తిప్పాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

అంటే హబ్బులు ఫ్రీలో ఉన్నాయని అతనికి తెలుసు. ఫ్రీ చేసింది ఎవరో కూడా తెలుసు. షావుకారు గట్టు మీద అందరి ముందూ ఏం జరిగిందని అడిగినప్పుడు, నాంచారయ్య నా మొహంలోకి చూస్తూ, "దిగి చూసుకోలేదండీ. తప్పు నాదే" అన్నాడు. ఇసక చూసుకోలేదేమో అనుకున్నారు అందరూ. షావుకారు నా వైపు తిరిగాడు. "కోటయ్యా, హబ్బులు లాకులోనే ఉన్నాయిగా, నువ్వేమంటావ్?" నేనేమన్నానో మొదటి వరుసల్లో రాశాను.

"నీకు తెలుసు. అయినా నా పేరు చెప్పలేదేం నాంచారయ్యా?" అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకే ఇంత దూరం వచ్చాను.

అతను టీ గ్లాసు కడిగి బోర్లించాడు. సముద్రం వంక చూశాడు. "ఈయేడు పోటు బాగా లోపలికొస్తోంది బావా" అన్నాడు. తర్వాత, "పొద్దు గూకితే ఆటోలుండవు, లే" అన్నాడు. నాగమణి ఎండు చేపల పొట్లం కట్టి నా సంచిలో పెట్టింది. నా ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి ఆమెకిచ్చాను.

విజయవాడ అమ్మాయి నన్ను బందరు దాకా దింపుతానంది. కోడూరు బంకులో ఆగి టైర్లకు గాలి కొట్టించింది. అంతకుముందే, తారు రోడ్డెక్కగానే, నేను గుర్తు చేయకుండానే నాబ్ టూ వీల్‌లోకి తిప్పి, "తారు మీద నాలుగూ లాగితే లోపల గేర్లు ఒకదానితో ఒకటి పోట్లాడతాయన్నారు కదా" అంది. మొగుడు వెనక సీట్లో కాళ్లకంటిన ఇసక దులుపుకుంటూ నిద్రపోయాడు.

ఆరూ ఇరవైకి బందరులో రైలు. కిటికీ పక్కన కూర్చుని నోట్‌బుక్కు తీశాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది: పాలకాయతిప్ప పొద్దున్నే వెళ్లండి, నీరు వెనక్కి తగ్గే పాటు వేళ వెళ్లండి, గట్టి ఇసక దాటి బండి దించకండి. కూరుకుపోతే నాంచారయ్యను అడగండి. ఇక హబ్బుల పేజీ. పురికొస ఉపాయం గొప్పదని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ ఉపాయం చేసిందల్లా, మనుషులు దిగి చూడటం మానేసేలా చేయడం. పుస్తకం దిగమంది. నేను దిగొద్దన్నాను. నా మాట నమ్మినవాడు మునిగాడు. అంతా రాశాను, పేర్లతో సహా.

పెడన స్టేషను దాటుతుంటే ఫోను మోగింది. కొత్త నంబరు. అవతల నాగమణి. "నాన్న మాట్లాడతాడంట" అంది. ముందు సముద్రం హోరు వినిపించింది. తర్వాత అతని గొంతు.

"దిగి చూడకపోవడం నా తప్పు బావా. అది ఆ రోజే ఒప్పుకున్నా. మిగతాది నీది. నీ తప్పు నేనెట్టా ఒప్పుకునేది?"